సురయ్యా ఎక్కిన రైలు

బయట నలభై అయిదు డిగ్రీల ఎండ. నేను ఏసీ గదిలో ఉన్ని కోట్లు ఇస్త్రీ చేస్తున్నాను. వచ్చే వారం ఇంట్లోవాళ్లంతా ఇటలీ వెళ్తున్నారు, కొండల మీద చలట. పిల్లల వెంట నేనూ వెళ్తున్నాను.

పెద్దమ్మాయి రీమ్ లాప్‌టాప్ చూస్తూ వాళ్లమ్మకు చదివి వినిపిస్తోంది. మిలాన్ నుంచి వెనిస్‌కు రెండు రకాల రైళ్లున్నాయి. ఒకటి రెండున్నర గంటల్లో పోతుంది, ఖరీదు. రెండోది చవక, ఊరూరా ఆగుతూ నాలుగు గంటలు తీసుకుంటుంది.

"మనకి ఫాస్ట్‌ది తీసుకో," అంది మేడం. "సురయ్యాకీ పెద్ద సూట్‌కేసులకీ చవకది చాలు. పోయినసారీ అలాగే చేశాం కదా."

రీమ్ వేళ్లు ఆగిపోయాయి. నా చెయ్యీ ఆగింది.

నా పేరు మహబూబ్బీ. మాది రాయచోటి. సురయ్యా నాకంటే ముందు ఈ రియాద్ ఇంట్లో పనిచేసిన కర్నూలు మనిషి. నేను వచ్చిన మొదటిరోజే మేడం నన్ను ఆ పేరుతో పిలిచింది. నాది వేరే పేరని చెబితే, "పిల్లలకి ఇదే అలవాటు," అంది. మొదట్లో పలికేదాన్ని కాదు. ఈమధ్య ఒక శుక్రవారం బతా బజార్లో మా ఊరామె వెనకనుంచి మహబూబ్బీ అని పిలిస్తే, నేను తిరిగి చూడలేదు. సురయ్యా వదిలివెళ్లిన చెప్పులు నా మంచం కింద ఉండేవి. వేసుకుంటే సరిగ్గా సరిపోయాయి. ఆమె బొటనవేలి గుంటలోనే నా బొటనవేలు కూర్చుంది.

పోయినసారి సురయ్యా చేసిన ఆ ప్రయాణం సంగతి నాకు రీమే చెప్పింది. వీళ్లు ముందే వెనిస్ చేరి ప్లాట్‌ఫారం మీద ఎదురుచూశారట. నెమ్మది రైలు వచ్చింది. తలుపు తెరుచుకుంటే నాలుగు సూట్‌కేసులూ వరసగా నిలబెట్టి ఉన్నాయి, దుమ్ము కూడా తుడిచి. ఆమె లేదు. పోలీసులు వెతికారు. పారిపోయిందని మేడం అంటుంది. రీమ్ మాత్రం గొంతు తగ్గించి, "రైలు ఆగేముందు కిటికీలో ఆమెను చూశాను. మా వైపే చూస్తోంది. తలుపు తెరిచేసరికి లేదు," అంది.

ఇంట్లో ముసలావిడకు మతిమరుపు. రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక నేను కాళ్లు ఒత్తుతుంటే, "సురయ్యా రైలు వచ్చిందా?" అని అడుగుతుంది. "ఇంకా రాలేదు, అమ్మా," అంటాను. ఒకరోజు నా గడ్డం పట్టుకుని చాలాసేపు చూసి, "మరి నువ్వెక్కడ దిగావు?" అంది.

"ఈసారి తననీ మనతోనే తీసుకెళ్దాం. ఇంకో సీటు ఉంది," అంది రీమ్.

మేడం విసుక్కుంది. "సరే, తననే అడుగు. ఏ రైలు సురయ్యా? మాతో వస్తే నీ పాస్‌పోర్ట్ నా బ్యాగులో ఉంటుంది. చవకదాంట్లో అయితే నీ దగ్గరే పెట్టుకోవాలి, దారిలో అడుగుతారు."

నేను కోటు చెయ్యి సర్దుతూ నిలబడ్డాను. ఏది కావాలని నన్నెవరూ అడిగినట్టు నాకు గుర్తులేదు. పెళ్లయి అత్తగారింటికి బస్సెక్కినప్పుడు టికెట్ మా మామ జేబులో ఉంది. చెన్నైలో విమానం ఎక్కినప్పుడు ఏజెంటు చేతిలో ఉంది. "వాళ్లు చెప్పినట్టు ఇను, నోరెత్తొద్దు," అని మా అత్త, "నీకేం తెలుసని మాట్లాడ్తావు," అని మా ఆయన పీరయ్య. ఆ కిటికీలో సురయ్యా మొహం ఎలా ఉండి ఉంటుంది? భయంగానా? ఎవరైనా లాక్కుపోయారా, తనే దిగిపోయిందా, లేక ఆ నాలుగు గంటల్లో అక్కర్లేని మనిషి కొంచెం కొంచెంగా కరిగిపోయిందా? కానీ రెండున్నర గంటల రైల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. పిల్లల మూతులు తుడుస్తాను. పాల సీసాలు కడుగుతాను. ఎవరి చెప్పు కింద పడినా వంగి తీస్తాను. అక్కడ కిటికీ ఉన్నా నాకు కనపడదు.

"చవకది, మేడం," అన్నాను.

మేడం తల ఊపి లేచి వెళ్లిపోయింది. రీమ్ నా దగ్గరికొచ్చి, "నీకు భయం లేదా?" అని అడిగింది.

"ఉంది," అన్నాను.

సాయంత్రం పీరయ్య ఫోన్ చేస్తే చెప్పాను. "ఫాస్టుదాంట్లోనే పోతానని చెప్పు. నాలుగు గంటలు ఒక్కదానివే ఎట్లా పోతావే? నీ పక్కన ఎవురుంటారు?" అన్నాడు.

"ఎవురూ ఉండరు," అన్నాను.

ఫోన్ పెట్టేశాక, వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి, ఆ మాట ఇంకోసారి పైకి అని విన్నాను.