మామ తోమిన రేజరు

జనగామ కొండల్ రెడ్డికి ఇత్తడి నల్లబడితే ఒళ్లు మండుతుంది. బిడ్డ సునంద పెళ్లికి పెట్టిన బిందె నుంచి చెంబు దాకా ప్రతిదాని మీదా తన పేరు కొట్టించాడు. అల్లుడు రఘునాథ్‌కు పెట్టిన గడ్డం గీసుకునే ఇత్తడి రేజరును కూడా వదల్లేదు.

ఆ రేజరు ఇప్పుడు ఇంజను బొగ్గులా ఉంది. దసరాకు డోర్నకల్‌లో అల్లుడి ఇంటికి వచ్చిన ప్రతిసారీ మామకు ఇదే పేచీ.

“గిదేంది అల్లుడా, జర తోమరాదా?”

“ఉండనీ మామా. నాకు గట్లనే మంచిగున్నది.”

ఈసారి రైల్వే గార్డయిన అల్లుడు డ్యూటీకి పోగానే ఆయన దొడ్లో చేరాడు. చింతపండు పెట్టాడు, ఇటుక పొడి వేశాడు, రెక్కలు గుంజేదాకా రుద్దాడు. రేజరు బంగారంలా మెరిసింది. సాయంత్రం అల్లుడు రాగానే, పక్క క్వార్టరు రాంజీని కూడా పిలిచి మరీ చూపించాడు.

“గిది నేను పెట్టిందే. పేరు గూడ కొట్టిచ్చిన, చూడు.”

రాంజీ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. “పేరేది కాకా?”

కొండల్ రెడ్డి లాక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. పిడి నున్నగా ఉంది.

రఘునాథ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. “అక్షరాలు పైపైన కొట్టిండ్రు మామా. తోమితే పోతయనే ఇన్నేండ్లు ముట్టలే.”

అంతలో పంపు దగ్గర బరబరా రుద్దుతున్న చప్పుడు వినిపించింది. పండగని సునంద పెళ్లి బిందెలన్నీ ముందేసుకుంది.

“ఆగు బిడ్డా, ఆగు!” రేజరు చేతిలో ఉండగానే పరుగెత్తాడు కొండల్ రెడ్డి. “గా బిందెలు నల్లగనే ఉండనీ!”