గుర్రపుశాల కాపలావాడి కన్నీళ్లు

మాస్టారు నల్లబల్ల మీద నిలువుగా ఒక గీత గీశాడంటే ఆ పూట పాఠం రంజుగా ఉంటుందని తొమ్మిదో తరగతి పిల్లలకు తెలుసు. గీతకు ఎడమవైపు కథ, కుడివైపు చరిత్ర. ఎడమవైపు రాజు ఉంటే కుడివైపు ఆ రాజు ఎవరో రాయాలి. ఎడమవైపు చిలక ఉంటే, ఏలినవారి మాటనే తిరిగి పలికిన ఆ చిలక ఏ పత్రికో కుడివైపు తేలాలి. కల్పిత పాత్ర అంటే ఆకాశంలోంచి ఊడిపడ్డది కాదని, నిజంగా బతికినవాళ్ల చొక్కా విప్పి దానికి తొడుగుతారని ఆయన చెప్పేవాడు. ఈ పిచ్చి వల్ల ఆయనకు గీతల మాస్టారని పేరు పడింది. ఆ పేరు ఆయన చెవిన పడకపోలేదు. వినన‌ట్టే ఉండి లోలోపల మురిసిపోయేవాడు.

ఆ ఏడాది కూడా ఎప్పటిలాగే గుర్రపుశాల కథ వంతు వచ్చింది. ఒక రాజుకు నిద్ర పట్టదు. గుర్రాల సకిలింపే అందుకు కారణమని కొలువులో తేలుస్తారు, రాజుగారి చిలక అదే మాట తిరిగి పలుకుతుంది. సకిలించిన గుర్రాలన్నిటినీ ఒకే శాలలోకి తోలి, కిటికీలు బిగించి, తాళం వేయమని ఆజ్ఞ అవుతుంది. ముసలి కాపలావాడు తాళం వేసి, గుమ్మం ముందు కూలబడి తెల్లవార్లూ ఏడుస్తాడు. పొద్దున తలుపు తీస్తే కొన్ని గుర్రాలు లేవవు. కథ అంతే. దాని వెనక సంగతి ఆ ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలిసిందే. నోరెత్తితే జైలు అన్న రోజుల్లో, సమ్మె కట్టిన మిల్లు కార్మికులను పోలీసులు పట్టుకొచ్చారు. స్టేషన్లో చోటు చాలక సరుకుల గోదాములో కుక్కి తాళం వేయించారు. పొద్దున తీసేసరికి కొందరు ఊపిరాడక పోయారు. తరవాత ఆ ప్రభుత్వం పోయి ఇంకోటి వచ్చి, ఈ కథ పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది.

మాస్టారు ఈ పాఠం చెబితే వినాలి. కాపలావాడి ఏడుపు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, పుస్తకం మూసేసి, ఏ దేశానికైనా చివరికి మిగిలేది ఈ కన్నీళ్లేనర్రా అనేవాడు. వెనక బెంచీల్లోని మొండిఘటాలు కూడా ముక్కు ఎగబీల్చేవి. తమాషా ఏమిటంటే, కుడివైపు రాజుకు ఎదురుగా పేరుండేది, చిలకకు ఎదురుగా పేరుండేది. కాపలావాడికి ఎదురుగా మాత్రం 'చిన్న ఉద్యోగులు' అని రాసి చేతులు దులిపేసుకునేవాడు. ఎందుకంటే, ఆ గోదాముకు తాళం వేసిన చిన్న ఉద్యోగి మాస్టారికి స్వయానా పిల్లనిచ్చిన మామగారు.

ఆ సంగతి పెళ్లయిన కొత్తలో భార్యే చెప్పింది. చెప్పి, ఇక దీని గురించి మన ఇంట్లో మాట రాకూడదంది. రాలేదు కూడా. ఇల్లు మామగారిది, మాస్టారు అందులో ఇల్లరికపు అల్లుడు. ముందుగదిలో వీధి తలుపుకు ఆనుకుని మామగారి పడకకుర్చీ ఉండేది. ఆయన కాళ్లు దాటకుండా ఎవరూ ఇంట్లోకి రాలేరు, ఇంట్లోంచి పోలేరు. రోజూ పొద్దున మాస్టారు పుస్తకాలు చంకన పెట్టుకుని "వెళ్లొస్తాను మామయ్యగారూ" అని పక్కకు ఒదిగి దాటేవాడు. అలా ఒదగడం అలవాటై, బడి వరండాలో కూడా ఆయన గోడవారగానే నడుస్తాడని పిల్లలు నవ్వుకునేవాళ్లు.

ముందు బెంచీలో ఒక పిల్ల ఉండేది. దేన్నీ ఊరికే ఒప్పుకోదని తోటివాళ్లు దాన్ని లాయరమ్మ అనేవాళ్లు. ఆ రోజు మాస్టారు కుడివైపు అన్నీ నింపి సుద్దముక్క కింద పెట్టబోతుంటే లాయరమ్మ లేచింది. రాజుకు పేరుంది, చిలకకు పేరుంది, కాపలావాడికి ఎందుకు లేదని అడిగింది. మాస్టారు దగ్గాడు. అది ఒక మనిషి కాదు, ఒక వర్గం అన్నాడు. తాళం వర్గమంతా కలిసి వేయలేదు కదా సార్, ఒక చెయ్యే కదా వేసింది అంది ఆ పిల్ల. బెల్లు మోగి ఆ పూటకు మాస్టారిని కాపాడింది.

కాపాడింది అనుకున్నాడు గానీ, తన గొయ్యి తను ముందే తవ్వుకుని ఉన్నాడు. ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఏటా పిల్లలకు ఒక పని చెప్పేవాడు. మీ ఇంట్లో పెద్దవాళ్లను ఆ రోజుల గురించి అడిగి రండి, చరిత్ర పుస్తకాల్లోనే కాదు వంటింట్లో కూడా ఉంటుంది అనేవాడు. మాట బాగుంది. లాయరమ్మ బుద్ధిగా వెళ్లి వాళ్ల నానమ్మను అడిగింది. గోదాములోంచి లేవనివాళ్లలో ఆ నానమ్మ భర్త ఒకడు.

మధ్యాహ్నం ఆ పిల్ల టీచర్ల గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. లోపల ఇంకెవరూ లేరని చూసుకుని, మెల్లిగా అంది.

"సార్, తాళం వేసింది ఎవరో నానమ్మకి తెలుసు. మీ ఇల్లూ తెలుసు. క్లాసులో ఆ పేరు నేను చెప్పను."

మాస్టారు దిద్దుతున్న పుస్తకం మూసేశాడు.

"నానమ్మకి పేరు అక్కర్లేదు సార్. పాఠం చదివి వినిపించాను. ఆ తాతగారు నిజంగా ఏడ్చారా లేదా, అదొక్కటీ మిమ్మల్ని అడగమంది. రేపు చెప్పండి చాలు."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మామగారు పడకకుర్చీలో పేపరు చదువుతున్నారు. మాస్టారు ఎప్పటిలా దాటుకుని పోలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక పాఠ్యపుస్తకం తీసి చూపించబోతే, మామగారు అది తను ఎప్పుడో చదివానన్నారు. మాస్టారు బల్ల మీద వదిలేసే పుస్తకాలు పగలంతా ఇంట్లో ఉన్న మనిషి చదవకుండా ఉంటాడా. ఇన్నేళ్లూ తను ఏ పాఠం చెప్పి వస్తున్నాడో ఆ ముసలాయనకు తెలుసన్నమాట. మాస్టారికి సిగ్గేసింది.

"ఆ రాసినాయన ఎవరో గానీ, నాకు ఏడుపెందుకు అంటగట్టాడు బాబూ?" అన్నారు మామగారు. "నేనేం ఏడవలేదు. తాళం వేయమన్నారు, వేశాను. పొద్దున తీయమన్నారు, తీశాను. మధ్యలో తలుపు బాదారు. కాసేపటికి ఆపేశారు. పడుకున్నారు కామోసు అనుకున్నాను. డ్యూటీ దిగి ఇంటికొచ్చి భోంచేశాను. బాగా ఆకలేసింది ఆ రోజు."

కామోసు అన్న ఆ చిన్న మాట మాస్టారి గుండెల్లో గుచ్చుకుంది. మీరు నిజంగా అలాగే అనుకున్నారా అని అడుగుదామనుకున్నాడు. మామగారి ముఖంలో దాపరికం లేదు, పశ్చాత్తాపమూ లేదు. ఇన్నేళ్లలో నన్ను ఈ మాట అడగడానికి కూర్చున్న మొదటి మనిషివి నువ్వే అన్నారు. ఎవరొచ్చి అడిగినా ఇదే చెబుతానని, కార్చని కన్నీళ్లు తన ఖాతాలో వేయవద్దని, పిల్లలకు కూడా ఉన్నదున్నట్టు చెప్పమని అన్నారు. అని, మళ్లీ పేపరు ఎత్తుకున్నారు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో మాస్టారు గమనించలేదు. లోపలికి వెళితే భార్య గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాన్న ఏడ్చారని మీ పుస్తకంలో ఉందిగా," అంది. "చిన్నప్పటినుంచీ నేను అదే అనుకుని బతికాను. దాన్ని కూడా తీసేయకండి."

ఇక మాస్టారి సంకటం ఎవరికి చెప్పుకోవాలి. ఏడ్చాడంటే మామగారి మాట తోసేసినట్టు, మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషికి పచ్చి అబద్ధం చెప్పినట్టు. ఏడవలేదంటే ఆ మాట పిల్లల నోట ఊరంతా పాకుతుంది, భార్య ఊళ్లో తలెత్తుకోలేదు, తను ఆ పడకకుర్చీ దాటలేడు. పాపం అనాలనే ఉంటుంది గానీ, ఎవరూ పట్టించుకోని కథను బల్లకెక్కించి కొరివితో తల గోక్కున్నది తనే.

మర్నాడు తరగతిలో కుర్చీ ఆట. అదీ మాస్టారు పెట్టిన పద్ధతే. ఒక పిల్లో పిల్లాడో మాస్టారి కుర్చీలో కూర్చుంటే వాళ్లే ఆ పాత్ర. మిగతావాళ్లు ప్రశ్నలు వేస్తారు. కూర్చున్నవాళ్లు తెలియదు అనకూడదు, కుర్చీలో ఉన్నంతసేపు మన్ననలు ఉండవు, రాజునైనా నువ్వు అనే అడగాలి. రాజు వంతు అయింది, చిలక వంతు అయింది. చిలకగా కూర్చున్నవాడు అడిగిన ప్రతి ప్రశ్ననూ తిరిగి అప్పజెప్పి అందరినీ కడుపుబ్బ నవ్వించాడు. కాపలావాడి వంతు వచ్చేసరికి ఎవరూ లేవలేదు. మీరే కూర్చోండి సార్ అని వెనక నుంచి ఎవరో అన్నారు. తరగతి మొత్తం అదే పాట అందుకుంది. మాస్టారు కూర్చున్నాడు. తన సొంత కుర్చీ చేతులు ఆ రోజు ఇరుకుగా తగిలాయి.

లోపల గుర్రాలు తలుపు తంతుంటే వినపడలేదా అని ఒకడు అడిగాడు. వినపడింది అన్నాడు. తాళంచెవి నీ దగ్గరే ఉంది కదా అని ఇంకో పిల్ల అడిగింది. ఉంది అన్నాడు. చివరికి లాయరమ్మ లేచింది. నువ్వు అనడానికి ఒక్క క్షణం తడబడింది గానీ, అంది.

"తాళం వేశాక నువ్వు ఏడ్చావా?"

"ఏడ్చాను," అన్నాడు మాస్టారు.

అందులో అబద్ధం లేదు. కథలో కాపలావాడు ఏడ్చాడు, తను ఇప్పుడు కథలో ఉన్నాడు. బయటపడ్డాననుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ఆ పిల్ల కూర్చోలేదు. నల్లబల్ల వైపు చూపించింది.

"గీతకి ఎటువైపు సార్?"

మళ్లీ సార్ అంది. అంటే ఆట అయిపోయింది. ఇప్పుడు అడుగుతున్నది కాపలావాణ్ణి కాదు, తనని. పిల్లలంతా పెన్నులు పట్టుకుని చూస్తున్నారు. వాళ్లకు ఇది పాఠంలో మరో ప్రశ్న మాత్రమే. మాస్టారికి నిన్న గోడకు ఆనుకుని నిలబడ్డ భార్య గుర్తొచ్చింది.

"రెండువైపులా అమ్మా," అన్నాడు.

ఆ పిల్ల ముఖం విప్పారింది. అంత సంతోషం ఆ ముఖంలో ఆయన ఎప్పుడూ చూడలేదు. తను చెప్పింది అబద్ధమే అయినా ఒక ముసలిమనిషికి మేలు చేసిందని, ఎవరికీ నష్టం లేదని మాస్టారు తనకు తను సర్దిచెప్పుకున్నాడు.

బడి వదిలాక ఆయన సంచీ సర్దుకుంటుంటే లాయరమ్మ మళ్లీ వచ్చింది. పరిగెత్తి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"నానమ్మకి చెప్పాను సార్. ఏడవలేదంటే ఇంక ఆ సంగతి మరిచిపోతానంది నిన్న. ఏడ్చాడంటే మాత్రం ఒక్కసారి వచ్చి ఆయన పక్కన కూర్చోవాలంది. ఆ రాత్రి తన కోసం కాకపోయినా తనతోపాటు ఏడ్చినవాడు ఇంకొకడున్నాడు కదా అంది. గేటు దగ్గరే ఉంది సార్. మీతో వస్తానంటోంది."

మాస్టారు కిటికీలోంచి చూశాడు. గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద ఒక ముసలావిడ ఉతికిన చీర కట్టుకుని, చేతికర్ర మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుని ఉంది. ఈ వేళకు మామగారు పేపరు ముగించి, ఎవరైనా వస్తే మాట్లాడదామని వీధి తలుపు తీసుకుని కూర్చుని ఉంటారు. ఆయన అడిగినవాళ్లకు అబద్ధం చెప్పరు. ఇవాళ వద్దు, ఇంకోరోజు అందామా అనుకున్నాడు. ఆ పిల్ల అప్పటికే ఆయన సంచీ అందుకుంది.

బడికి ఉన్నది ఒకటే గేటు. మాస్టారు దగ్గరికి వచ్చేసరికి ముసలావిడ కర్ర ఊతంతో లేచి నిలబడి చెంగు సవరించుకుంది. నడవలేననుకున్నావేమో, నడవగలను, మెల్లిగా పోదాం అంది. తరవాత ఆయన ముఖంలోకి చూసి అడిగింది.

"ఇల్లు ఎంత దూరం నాయనా?"

"దగ్గరేనమ్మా," అన్నాడు మాస్టారు.