కిర్రుమనే పలక

ఓబలప్ప బోర్లా పడుకుని చెవి నేలకు ఆనించాడు. పక్కన మైనం ముద్ద, సుత్తి, ఎప్పుడో చల్లారిన కాఫీ. సాయంత్రం ఇదే ఊరిగాం చర్చి హాల్లో, గనిలో తనతో పనిచేసిన జేవియర్ మనవరాలు నాన్సీ పెళ్లి డాన్సు. తను పరిచిన ఓక్ కట్టె నేలంతా అద్దంలా ఉంది, ఒక్క నడిమి పలక తప్ప. దాని మీద కాలు పెడితే కిర్రుమంటోంది.

ఆ చప్పుడు వింటే ఓబలప్ప గుండె ఆగినంత పనవుతుంది. బంగారు గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెడుతూ వయసంతా గడిపిన మనిషి మరి. అక్కడ కట్టె కిర్రుమందంటే ఉన్నపళంగా గోడకు చేరాలి. గని మూసేశాక తలుపులూ మంచాలూ చేశాడు గానీ, మనుషులు చిందులేసే నేల పరచడం ఇదే మొదలు. ఇదే ఆఖరు కూడా. రేపు గౌనిపల్లిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు, ఇక తిరిగి రాడు. వెళ్ళేలోగా ఆ పలక నోరు మూయించాలి.

ఓక్ కట్టె అతనికి కొత్త. మహా బరువు, మహా మొండి, కోస్తే పుల్లటి వాసన. అయినా కొత్తల్లుడికి చేసినట్టు మర్యాదలు చేశాడు. హాలు గాలికి అలవాటు పడాలని పలకల్ని చాలా రోజులు ఊరికే పేర్చి ఉంచాడు. వానలకు ఉబ్బుతుందని గోడల వెంట వేలెడు సందు వదిలాడు. ప్రతి పలక అంచునూ పక్కదాని గాడిలో దూర్చి జిగురుతో అతికించాడు.

నాన్సీ అవ్వ ఆగ్నెస్ తొంగిచూసింది. "నాలుగు మేకులు కొట్టి పారేయన్నా!"

"ఇనుము వద్దమ్మా. తడి తగిలితే ఈ కట్టె మేకు చుట్టూ నల్లగా అయిపోతాది. ఇంగ కొంచెం మైనం పట్టిస్తా ఉండు."

మధ్యాహ్నానికి పలక నోరు మూసింది. ఓబలప్ప దాని మీద గెంతి మరీ చూసి, స్నానానికి వెళ్ళాడు.

సాయంత్రం పాట మొదలైంది. పెళ్లిజంట నడిమధ్యకు వచ్చింది, చుట్టూ చుట్టాలు చేరారు. అంత సందడిలోనూ వినిపించింది, కిర్రుమని.

"గోడకు పోండప్పా!" ఓబలప్ప గావుకేక పెట్టాడు.

హాల్లోని పాత గని కార్మికులంతా ఒక్క ఉదుటున గోడలకు అతుక్కుపోయారు. ఆగ్నెస్ భర్త జేవియర్ అయితే కేకు ప్లేటుతో సహా. మధ్యలో పెళ్లిజంట, పిల్లలూ బిత్తరపోయి నిలబడ్డారు. ముసలివాళ్ళు పైకి చూశారు. పైన రంగు కాగితాలు, బల్బులు. ఒకరి మొహం ఒకరు చూసుకుని కడుపుబ్బ నవ్వారు.

ఓబలప్ప సిగ్గుతో చచ్చిపోయాడు. ఆగ్నెస్ వచ్చి చెయ్యి పట్టుకుంది. గోడకు అతుక్కున్న భర్తను చూపించింది.

"ఆ పొద్దు గనిలో ఇట్లే కేకేసి ఈయప్పను బతికించినావు. రా అన్నా, దాని మీదనే ఆడు!"

డాన్సు రాదు కాబట్టి గెంతాడు. పలక కిర్రుమన్నప్పుడల్లా హాలంతా కేరింతలు. తన పని మీద మనుషులు ఇంతగా నవ్వడం, ఆడడం చూసి ఓబలప్పకు ఆనందం పట్టలేక కళ్ళు తడిశాయి.

మర్నాడు పొద్దున్నే పలక సరిచేస్తానని వస్తే ఆగ్నెస్ హాలు తాళం ఇవ్వలేదు. "ఉండనీ అన్నా" అంది. అతను నవ్వుకుంటూ బస్సెక్కాడు.

మామిడికాయలు కోసే రోజుల్లో, ఓబలప్ప గౌనిపల్లిలో నిద్రలోనే పోయాడని కబురొచ్చింది.

ఇప్పుడు ఆ హాల్లో ఏ పెళ్లయినా, పాట మొదలవకముందే పాత కార్మికులు గోడల వెంట నిలబడతారు. కొత్తజంట కావాలని నడిమధ్యకు వెళ్ళి తొక్కుతుంది. ఒక్క మేకు మచ్చ కూడా లేని ఆ ఓక్ పలక కిర్రుమంటుంది.