మరిచిపోయిన ప్లగ్గు

వరద నీళ్లు ఆసుపత్రి మూడో మెట్టు దాటి లోపలికొచ్చిన ఏడు అది.

రక్తం సంచులు మోసే ముసలాయన్ని అక్కడందరూ గడియ అనేవారు. నోటికి గడియ పెట్టుకున్నట్టే ఉంటాడు మరి. కాన్పుల వార్డులో రక్తం వెచ్చచేసి ఎక్కించే మిషను కూడా ఆయన చూసుకునేదే. ఫ్రిజ్‌లోంచి తీసిన రక్తం మంచుముద్దలా ఉంటుంది. అలాగే గబగబా ఎక్కిస్తే ఒళ్లు చల్లబడుతుంది, కారే రక్తం గడ్డకట్టదు, గుండె తడబడుతుంది. మిషనైతే దాన్ని ఒంటి వేడికి తెచ్చి లోపలికి తోస్తుంది. వేడి ఎక్కువైనా, గొట్టంలో గాలి బుడగ దూరినా కుయ్యిమని అరిచి ఆగిపోతుంది.

నెలలు నిండి వార్డులో చేరిన ఆయన మేనకోడలు ఆ అరుపు విని నవ్వింది.

"మావయ్యా, నీకన్నా ఇదే నయం. తప్పు జరిగితే అరుస్తుంది. నువ్వు అదీ చెయ్యవు."

"ఊఁ," అన్నాడు.

"చూశావా అమ్మా, రెండ్రోజుల మాటలు ఒక్కసారే ఆడేశాడు!"

"ఊరుకోవే, చిన్నాపెద్దా లేకుండా," అంది ఆయన చెల్లెలు, నవ్వాపుకుంటూ.

ఆ రోజు కరెంటు పోయినప్పుడు ఇంకో బాలింతకి వాడితే మిషను బ్యాటరీ అడుగంటింది. నిండాలని ప్లగ్గు పెట్టి ఉంచారు. సాయంత్రం ఉరుములు మొదలయ్యాయి. పిడుగు పడితే మిషన్లు కాలిపోతాయని, ఇంట్లో చేసినట్టే, వార్డంతా తిరిగి ప్లగ్గులు పీకేశాడాయన. ఉరుములు ఆగాక అన్నీ మళ్లీ పెట్టాడు. మంచం వెనకున్న రక్తం మిషను ప్లగ్గు ఒక్కటీ మరిచాడు.

తెల్లారేసరికి నీళ్లొచ్చాయి. కరెంటు పోయింది, కింద జనరేటరూ మునిగింది. పదింటికి మేనకోడలికి ఆడపిల్ల పుట్టింది. వెనకే రక్తం కట్ట తెగినట్టు పోయింది.

మిషను రెండు నిమిషాలు నడిచి, ఒక్క అరుపు అరిచి ఆరిపోయింది.

"ఇదేంటి, ఛార్జింగే లేదు!" అంది పెద్ద నర్సు.

ఆయన చూపు మంచం వెనక్కి పోయింది. 

"వేణ్ణీళ్లలో ముంచుదామా అక్కా?" అంది ఆయా.

"వద్దే! వేడెక్కువైతే రక్తం చితికి విషమవుతుంది. తలో సంచీ ఒంటికి హత్తుకోండి."

ఆయన చొక్కా గుండీలు విప్పి ఒక సంచిని పొట్టకి అదుముకున్నాడు. చలి ఎముకల్లోకి దిగింది. కదల్లేదు. డాక్టరమ్మ మాత్రం ఎంతసేపని ఆగుతుంది? సగం చల్లగా ఉన్న సంచినే చేత్తో నొక్కుతూ ఎక్కించింది.

"మావయ్యా, చలి," అంది మేనకోడలు. ఆ తర్వాత మాట్లాడలేదు.

అంతా అయిపోయాక నర్సు వచ్చి ఆయన పొట్ట మీది సంచి తీసుకుంది. అప్పటికది గోరువెచ్చగా ఉంది.

"వరద మింగేసిందిరా అన్నయ్యా నా తల్లిని," అని చెల్లెలు ఆయన భుజం మీద పడి ఏడ్చింది. ఆయన తలూపాడు.

మర్నాడు పొద్దున్నే వేరే జనరేటరు తెచ్చి పెట్టారు. ఆయన మంచం వెనక్కి వంగి ప్లగ్గు పెట్టాడు. పచ్చలైటు వెలిగేదాకా నిలబడ్డాడు. వరండాలో చెల్లెలు పసిదానికి పాలు పడుతోంది. వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"వరద కాదమ్మా," అన్నాడు. "ప్లగ్గు పీకింది నేనే."