రంగు కింద పేర్లు

దేవకుమారి కొట్లో ఉన్నదంతా దొంగ సరుకేనని టీకొట్టు శ్యాంబాబు అన్నాడట. ఆ మాట పాలమ్మే పాపాయి మా వీధికి మోసుకొచ్చేసరికి, పోలీసులొచ్చి ఆమెను జీపు కూడా ఎక్కించేశారట. నిజానికి వచ్చింది పంచాయతీ సెక్రటరీ హారతి గారు. ఒక్కర్తే, స్కూటీ మీద.

భీమవరం రోడ్డులో దేవకుమారిది పాత ఏరియేటర్ల కొట్టు. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిమ్మే చక్రాలు, వాటి మోటార్లు కొని, బాగుచేసి అమ్ముతుంది. ఈ మధ్య గట్ల మీద మోటార్లు మాయమవుతున్నాయని, పాత సరుకు కొట్లకు లైసెన్సు ఉండాల్సిందేనన్నారు.

"ప్రతి మోటారూ ఎవరి దగ్గర కొన్నారో రాసి, అమ్మినవాళ్ళ చేత సంతకం పెట్టించండి. శుక్రవారానికి అవ్వకపోతే కొట్టు మూయించాల్సొస్తుందండి," అంది హారతి.

"పేర్లు మోటార్ల మీదే ఉన్నాయి కదండీ!"

ఉన్నాయి. దొంగల భయంతో రైతులే రాయించుకుంటారు. కొనేవాళ్ళూ ముందు ఆ పేరే చూస్తారు. పంట బాగా తీసినవాడి మోటారు ఇట్టే అమ్ముడుపోతుంది. తెగులొచ్చి చెరువు పోయినవాడిదైతే అచ్చిరాదని ముట్టుకోరు.

అందుకే మూలనున్న ఆరింటికి దేవకుమారి నీలం రంగు కొట్టేసింది. అవి పల్లంరాజు గారివి. వైట్‌స్పాట్ తెగులొచ్చి, రొయ్యలన్నీ చచ్చి ఆయన చెరువు మొత్తం పోయింది. మోటార్లు అమ్మేసి, రిపేరుకిచ్చానని ఊళ్ళో చెప్పుకున్నాడు.

గురువారం సాయంత్రానికి అందరి సంతకాలూ అయ్యాయి, పల్లంరాజు గారిది తప్ప. దేవకుమారి ఆయనింటికి వెళ్ళింది.

"పేరు కనపడనివ్వనన్నావు కదా, కుమారీ?"

"అన్నానండి. బుద్ధి తక్కువై రంగేశాను. ఇప్పుడు మీరు కాదంటే అవి దొంగవి, నేను దొంగనండి."

ఆయన చెరువు వైపు చూస్తూ కూర్చున్నాడు.

శుక్రవారం పదింటికి హారతి వచ్చింది. టీ గ్లాసులు పట్టుకుని శ్యాంబాబూ వచ్చాడు, ఎవరూ చెప్పకుండానే. రిజిస్టర్లో ఆరు వరసలు ఖాళీ. "ఇలాగైతే ఇవ్వలేనండి," అని హారతి పెన్ను మూత పెట్టేస్తుండగా బయట బుల్లెట్ బండి ఆగింది.

పల్లంరాజు గారు నేరుగా లోపలికొచ్చాడు. రంగు తీసే థిన్నర్ సీసా అందుకుని, గుడ్డ తడిపి, మొదటి మోటారు మీద రుద్దాడు. నీలం లేచిపోయి, కింద తెల్లటి అక్షరాల్లో ఆయన పేరు బయటపడింది. అలా ఆరూ తుడిచి, ఆరు వరసల్లోనూ సంతకం చేశాడు.

హారతి లైసెన్సు కాగితం మీద ముద్ర వేసి దేవకుమారి చేతిలో పెట్టింది.

"వీటిలో రెండు ఎవరికీ ఇవ్వకమ్మా. వచ్చే పంటకి నేనే తీసుకుంటాను," అన్నాడాయన.

శ్యాంబాబు ఉండబట్టలేకపోయాడు. "అదేంటండి రాజుగారూ! రిపేరుకిచ్చానన్నారు?"

"చెరువు పోయింది, అమ్ముకున్నాను. దొంగ సరుకని ఊరంతా చెప్పావుగా, వెళ్ళి ఇది కూడా చెప్పు."