కామమ్మ కుట్టిన ముడిరవిక

కొడవలూరులో ముడిరవిక తొడిగే మనిషి మాలకొండమ్మ ఒక్కతే మిగిలింది. గుండీలూ హుక్కులూ లేకుండా, ముందు రెండు కొసలూ లాగి ముడేసుకునే రవిక అది. ఊళ్లో కోడళ్లందరూ మిషను కుట్టే ఎలిశబెతు చేత హుక్కుల జాకెట్లు కుట్టించుకుని, ముసలామెను చూసి ముసిముసిగా నవ్వేవారు. ఆమె పట్టించుకుంటేగా!

ఆమె రవికల్లో ఒకటి తల్లి కామమ్మ చేత్తో కుట్టిచ్చిన ఎర్రది. పండగా పబ్బానికి తప్ప అది పెట్టెలోంచి బయటికి వచ్చేది కాదు. అలాంటి దానిమీద బ్లాకాఫీసు గ్రామసేవిక కన్ను పడింది. నెల్లూరులో పాతకాలపు బట్టల ఎగ్జిబిషన్ పెడుతున్నారట. జిల్లా కట్టూబొట్టూ మరుగున పడిపోకూడదట. రవికను అక్కడ చూపించి, దాని కత్తిరింపు కాగితం మీదికి ఎక్కించి భద్రంగా దాస్తారట. మాలకొండమ్మ చాలాసేపు నసిగి, చివరికి రవిక తెచ్చి ఎలిశబెతు ఒళ్లో పెట్టింది. కాగితం మీద గీసే పని నువ్వు చేస్తేనే ఇస్తా, ఇంకొకరి చేతికి ఇవ్వనని చెప్పింది.

ఆ నమ్మకం ఈనాటిది కాదు. మొగుడు పోయి, మిషనొక్కటి వెంటబెట్టుకుని ఎలిశబెతు ఈ ఊరొచ్చినప్పుడు, కిరస్తానామె చేత కుట్టించుకోవడమా అని రైతుల ఇళ్లన్నీ మూతి విరిచాయి. మొదటి గుడ్డ తెచ్చి ఇచ్చింది మాలకొండమ్మే. మనవరాలి పావడా గుడ్డ అది.

ఎలిశబెతుకు తన పనితనం మీద కాస్త గీర. పైపైన కొలతలు తీసినా సరిపోయేది. కుట్లు విప్పి పరిస్తే గీత నిక్కచ్చిగా వస్తుందని ఆశపడింది. మెడ దగ్గర దారం బాగానే ఊడింది. చంక దగ్గరికి వచ్చేసరికి, ఏళ్ల చెమటకు చివికిన గుడ్డ దారంతోపాటే చిరిగింది. చెయ్యి పైకి లేవడానికి వీలుగా అక్కడ అతికిన చిన్న చదరపు ముక్క పీలికలై చేతికొచ్చింది. అది ఏ వాటంగా అతికి ఉందో ముందు చూసుకోనైనా లేదు.

అప్పుడే పరుగెత్తుకెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు. తన తల్లి పాత ఎర్రచీర కత్తిరించి, చంక ముక్కను తోచినట్టు అతికించి, చూడ్డానికి అచ్చం అలాంటి రవికే చేత్తో కుట్టింది. కాగితం మీదా అదే గీసింది. అసలు రవిక ముక్కలు మూటగట్టి మిషను సొరుగులోకి తోసేసింది.

నెల్లూరు పంపేముందు మాలకొండమ్మ ఒకసారి తొడుక్కుని చూస్తానంది. ముడేసుకుని చెయ్యి పైకెత్తబోతే సగంలోనే పట్టేసింది. మళ్లీ ఎత్తబోయింది. మళ్లీ అంతే. ఎలిశబెతు చూపు తను అతికించిన చంక ముక్కమీద పడింది.

"వయసులో ఇది తొడుక్కోనే వామి మీదికి గడ్డిమోపులు అందించినా మే," అంది మాలకొండమ్మ చిన్నబోయి. "ఎప్పుడూ పట్టేయలా. నా చెయ్యే పాడైపోయినట్టుండాది."

ఎలిశబెతు అప్పుడూ నోరు విప్పలేదు. ఇక తనకు పనికిరాదని, రవికను అక్కడే ఉంచేసుకోమని, తల్లి పేరు మాత్రం రాసి పెట్టమని ముసలామె గ్రామసేవికతో చెప్పింది.

ఎగ్జిబిషన్‌కు ఎలిశబెతూ వెళ్లింది. అద్దాల బీరువాలో రవిక, దాని కింద అట్టముక్క మీద 'కొడవలూరు కామమ్మ కుట్టినది' అని రాత. పక్కనే తను గీసిన కాగితం. హైస్కూలు ఆడపిల్లలు దాన్ని చూసి శ్రద్ధగా గీసుకుంటున్నారు. గ్రామసేవిక నలుగురిలో మెచ్చుకుంటుంటే ఎలిశబెతుకు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. ఆదివారం గుడిలో మోకాళ్లూని, చేసిన తప్పంతా దేవుడికి చెప్పుకుంది. దేవుడికి చెప్పుకోవడం తేలికే. రవిక ఆయనది కాదు కదా.

గుడినుంచి వస్తూ మాలకొండమ్మ ఇంటిముందు ఆగింది. ముసలామె అరుగుమీద కూచుని, కాచిన ఆముదం కుడి భుజానికి రాసుకుంటోంది. ఆనాటి నుంచీ భయానికి చెయ్యి పైకెత్తడమే మానేసిందట. ఉట్టిమీది కుండ కూడా కోడలే దించాల్సి వస్తోందట. ఎలిశబెతు ఇక నిలవలేకపోయింది. ఇంటికి పోయి మూట తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

"అవ్వా, నీ చెయ్యి బాగానే ఉండాది. మీ అమ్మ రవిక నేనే చించేసినా. నువ్వు తొడుక్కున్నది నేను కుట్టింది. నేను గీసిన ఆ తప్పు గీతే ఆడ ఇస్కూలు పిల్లోళ్లు చూసి గీసుకుంటా ఉండారు."

మాలకొండమ్మ మూట విప్పి, ముక్కలు ఒక్కొక్కటే వేళ్లతో తడిమింది. ఎలిశబెతు తిట్లకు సిద్ధపడి తల వంచుకుంది. ముసలామె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"రేపు నెల్లూరు పొయ్యి, ఆడ మా అమ్మ పేరు తీయించు," అంది చివరికి. "ఆ పిల్లోళ్లకు కూడా నిజం చెప్పు."

మూట మళ్లీ కట్టి లేచి, కుడిచెయ్యి పైకి చాచి వసారా చూరులో దోపింది. చెయ్యి చివరిదాకా లేచింది. దాన్ని దించి, ఎడమచేత్తో మెల్లగా నిమిరింది.

"ఇన్నాళ్లూ దీన్ని తిట్టుకున్నా గదా," అంది, ఎలిశబెతు వైపు చూడకుండా.