తలనూనె

లేదంటే లేదనే చెబుతోంది తెర, నో సిగ్నల్, ఆ రెండు మాటలూ పోయిన నెల ఆఫీసులో కాఫీ తాగుతూ నేనే టైపు చేశాను, అవి ఒకరోజు మా అమ్మ గురించి చెబుతాయనుకోలేదు, కాటన్‌పేట ఇంటి నడిమి గదిలో అమ్మ మంచం, పక్కన స్టూలు మీద కంపెనీని బతిమాలి తెచ్చిన, మెదడు తరంగాలు చదివే మిషనూ లావుపాటి మానిటరూ, నిద్రలో కల మొదలైతే తెర పసుపు రంగుకు తిరిగేలా నేను రాసిన ప్రోగ్రాం, మా టీములో లలిత్ తలకు తీగలు పెట్టి పడుకోబెడితే పసుపుగా మెరిసింది, కలలో మేనేజరుతో పోట్లాడుతున్నానన్నాడు, అమ్మ దగ్గర మాత్రం ఉత్త బూడిద రంగు, నెల కిందట పక్షవాతం వచ్చిన రోజు నుంచీ పలకదు, పిలిస్తే కళ్లు తిప్పదు, లోపల ఏమైనా తెలుస్తోందా అంటే డాక్టరు చెప్పలేం చైత్రా అన్నాడు, ఆయన చెప్పలేనిది ఈ మిషను చెప్పేసిందా.

తీగ ఊడిందేమోనని జుట్టులో వేళ్లు పెట్టాను, జారాయి, జిడ్డు, కొబ్బరినూనె, దేవుడా, నూనె ఉంటే తీగలు అతకవు, తలంటుకుని రండి అని ఆఫీసుకొచ్చే ప్రతివాళ్లకీ పాఠం చెప్పేది నేనే, మా మేనత్త మారెమ్మ రోజూ పొద్దున్నే అమ్మ నడినెత్తిన నూనె పోసి అరచేత్తో తడుతుందని తెలిసీ మరిచిపోయాను, అత్తా నూనె పెట్టినావా అంటే, పెట్టకుండా ఎట్లప్పా, తల ఉడుకెక్కి పోతాది కదా అంది, నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి, బేసిను పెట్టి మంచం మీదే ఇద్దరం సీగెకాయతో తలంటాం, సాంబ్రాణి వేస్తానని అత్త, వద్దని నేను, జుట్టు ఆరేసరికి అమ్మ నిద్రపోయింది, తలంటు నిద్ర ఎవరికైనా కమ్మగా పడుతుంది.

మళ్లీ తీగలు పెట్టాను, గీతలు లేచాయి, ముందు సన్నగా, తర్వాత ఎత్తెత్తుగా, తెర నీలం, గాఢనిద్ర, చాలు, ఇదే చాలు అనుకుంటూ కూర్చున్నాను, బయట లారీలోంచి మూటలు దింపుతున్న కేకలు, ఉన్నట్టుండి పసుపు, తెరంతా, అమ్మ రెప్పల కింద కళ్లు అటూ ఇటూ పరిగెత్తుతున్నాయి, ఎవరినో చూస్తోంది, ఎక్కడికో పోతోంది, కదలని ఆ కాళ్లతోనే, పీడకలొస్తే మాకు చెప్పకుండా కొళాయి తిప్పి నీళ్లకు చెప్పేది, మంచి కలైతే పాలు పొంగిపోతున్నా చెప్పడం ఆపేది కాదు, ఇది ఏ కలో, కలలో బొమ్మల్ని కూడా తెర మీద చూపించే ప్రోగ్రాం ఏనాటికైనా ఎవరైనా రాస్తారేమో, నేను రాసింది ఇంతే, వీధిలో నిలబడి ఆ ఇంట్లో దీపం వెలుగుతోందని చెప్పేపాటిది, నెలంతా ఖాళీ అయిపోయిందని భయపడిన చోట ఇంత వెలుతురా, ఇదంతా లోపల అమ్మ ఒక్కతే నడుపుకుంటోందా, గుమ్మంలో అత్త, ఏమైందప్పా, ఆ పసుపుగా ఉండేది ఏమది అంటోంది, కల అని చెప్పాలి, తరంగాలని చెప్పాలి, ఆఫీసు మాటలన్నీ ఎక్కడికో పోయాయి, నోట్లో ఇంటి మాట ఒక్కటే మిగిలింది, ఉండాది అత్తా, అమ్మ లోపల ఉండాది.